దొరగారు ఇక్కడే ఉంటారని చెప్పిన రోజు

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, మీ అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారు నన్ను లేచి నాలుగు మాటలు చెప్పమన్నారు, నాలుగుతో ఆపేవాణ్ణి కాదని ఆయనకీ తెలుసు, మీకూ తెలుసు, కాబట్టి పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కాస్త ఓపిగ్గా వినండి. ఇప్పుడు మైకు లేకుండానే చివరి చాప దాకా వినబడేలా మాట్లాడే ఈ దానం అనేవాడు, ఒకప్పుడు ఖాకీ చొక్కా కనబడితే నోట మాట రాక గోడకు అతుక్కుపోయేవాడంటే మీలో చిన్నవాళ్లు నమ్మరు.

అది అరవైల చివరి మాట. కొండల్లో గొడవలు రేగి, కింద మా పల్లెల్లో పోలీసుల రాకపోకలు ఎక్కువైన కాలం. మాది పాతపట్నం దగ్గర పల్లె. ఎవరినో వెతుక్కుంటూ వచ్చి, పేరు కలిసిందని మా అన్నయ్యను తీసుకెళ్లారు, వాళ్లకు కావలసినవాడు ఇతను కాదని తేలాక పంపేశారు, ఒంటి మీద దెబ్బ లేదు, కాని వెళ్లిన అన్నయ్య వేరు, తిరిగొచ్చిన అన్నయ్య వేరు. గుమ్మం దాటేవాడు కాదు. ఆ భయం అంటురోగంలా నాకూ పట్టుకుంది. బస్సులో కండక్టరు ఖాకీ చూసినా కాళ్లు వణికేవి, నాలుక పిడచకట్టుకుపోయేది, తిన్నది ఒంటికి పట్టేది కాదు. మందులు మింగాను, అయ్యగారికి తెలియకుండా అమ్మ తాయెత్తు కూడా కట్టించింది, అదీ అయింది. ఇలా బతకడం కంటే పోవడమే నయమని ఏడ్చిన రోజులున్నాయి, సహోదరులారా.

ఆ స్థితిలోనే దేవుడు నాకు నరసన్నపేటలో గోగునార కొనే కంపెనీలో టైపు చేసే ఉద్యోగం ఇచ్చాడు, అప్పట్నుంచి అదే మా ఊరైంది. ఇప్పుడు గోగు వేసేవాళ్లే తగ్గిపోయారు గాని, అప్పట్లో ఆ ఊరి చుట్టూ ఏ గుంట చూసినా నార కోసం గోగుకట్టలు నానుతుండేవి, కొత్తగా వచ్చినవాళ్లు ఆ వాసనకు ముక్కు మూసుకునేవారు, నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే కళ్లు చెమ్మగిల్లుతాయి. నాలుగైదు దేశాల్లో ఆఫీసులున్న కంపెనీ అది, మా వైపు కొనుగోళ్లన్నిటికీ పెద్ద, యోహాన్ దొరగారు. పేరుకు దొరే గాని, మోకాలిలోతు నీళ్లలో దిగి నార పీచు లాగి చూసేవారు. ఆదివారం మా గుడిలో చాప మీద కూర్చునేవారు, ఆ పొడుగు కాళ్లు మడవడం చేతకాక పక్కవాళ్లను తన్నేవారు, పాట మధ్యలో మేమంతా నవ్వాపుకోలేకపోయేవాళ్లం. ఎంత మంచి రోజులు అవి.

ఆయన పుట్టిన ఊరు యుద్ధంలో వేరే దేశంలో కలిసిపోయింది, అయినవాళ్లు ఎవరూ మిగల్లేదు. కంపెనీ రెండు మూడేళ్లకోసారి ఆయన్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారుస్తూ వచ్చింది. మా ఊరొచ్చాక ఆయన ఇక కదలనన్నారు. పై దేశం మనిషి ఇక్కడ శాశ్వతంగా ఉండాలంటే సర్కారు అనుమతి కావాలి, ఈయన మాకు అవసరం, ఈయన బాధ్యత మాదని ఉద్యోగమిచ్చిన కంపెనీ పూచీ పడాలి. ఆ కాగితాలు నేనే టైపు చేశాను, కలకత్తా పెద్దాఫీసు వాళ్లు సంతకాలు పెట్టారు, ఇక మిగిలిందల్లా ఆయన నిజంగా మా ఊళ్లో ఉంటున్నారా అని పోలీసులు వచ్చి విచారించుకోవడమే.

వాళ్లు వచ్చిన రోజున దొరగారూ నేనూ భావనపాడు వైపు పల్లెలకు వెళ్లాం. తిరిగొచ్చేసరికి మా పేటంతా వీధిలోనే ఉంది. కంపెనీ నారబండి తోలే అప్పన్న మావ మీసం దువ్వుకుంటూ ఎదురొచ్చాడు.

"పోలీసోలు వచ్చినారు దానం. మన దొర గురించి అడిగినారు. ఏ దొర బాబూ, ఇక్కడ దొరలెవులూ ఉండరు, మాకేటీ తెల్దని సెప్పి పంపేసినాం."

దొరగారికి వంట చేసిపెట్టే అచ్చమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "నన్నూ అడిగినారు. ఈ ఇంట్లో నానూ నా పిల్లీ తప్ప ఎవులూ ఉండరన్నాను." ఆమె వెనక తాడు మీద దొరగారి బారు చొక్కాలు ఆరుతూనే ఉన్నాయి.

ఎవరిని తప్పుపడతాం? ఆ రోజుల్లో పోలీసులు ఒక మనిషి పేరు అడిగారంటే, ఉన్నవాణ్ణి లేడనడమే మావాళ్లకు తెలిసిన సాయం. కన్నకొడుకు కోసం ఏం చెబుతారో దొరగారి కోసం అదే చెప్పారు. కాని పైకి వెళ్లిన మాట వేరు. అలాంటి మనిషి అక్కడ లేడని, కంపెనీ పడిన పూచీ అబద్ధమని రాసుకుపోయారు. కొద్ది రోజులకే శ్రీకాకుళం పోలీసు ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. కంపెనీ తరఫు మనిషి ఇరుగుపొరుగును వెంటబెట్టుకొచ్చి అధికారి ఎదుట నోటితో చెప్పాలి, లేదంటే దొరగారు దేశం విడిచి వెళ్లిపోవాలి. కలకత్తా వాళ్లు ఈ దానాన్నే పంపమని తంతి కొట్టారు.

ఖాకీల మధ్యకి, నన్ను. నా వల్ల కాదని దొరగారి ముందు ఏడ్చేశాను. ఆయన బలవంతపెట్టలేదు. మర్నాడు చూస్తే అచ్చమ్మకు వంటపాత్రలు ఇచ్చేస్తున్నారు. ఎక్కడికి వెళతారండీ అంటే భుజాలు ఎగరేశారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆదివారం ఆరాధనలో అయ్యగారు ఈ సంగతి చెప్పి, ప్రార్థించమని దొరగారికే అవకాశమిచ్చారు. ఆయన తన కోసం అడుగుతారనుకున్నాం. ఆయన నా పక్కకొచ్చి మోకరించి, వచ్చీరాని తెలుగులో చేసిన ప్రార్థన ఇది.

"ప్రభువా, నాకు ఊరు లేకపోతే ఫర్వాలేదు. చాలా ఊర్లు పోయినాను, ఇంకొకటి పోతాను. ఈ తమ్ముడు ఎక్కడికి పోయినా భయం వెనక వస్తుంది. అది తియ్యి. ముందు అది తియ్యి."

సహోదరులారా, నిలవడానికి నీడ పోతున్న మనిషి నా భయం గురించి దేవుణ్ణి అడుగుతున్నాడు. నా లోపల ఏదో కరిగిపోయింది. తండ్రీ, కాళ్లు వణికినా సరే, నోరు మాత్రం మూసుకుపోనివ్వకు అని ఆ చాప మీదే పడి ఏడ్చాను.

శ్రీకాకుళం బస్సులో ఒక పక్క అప్పన్న మావ, ఒక పక్క అచ్చమ్మ, మధ్యలో నేను. అబద్ధమెందుకు, ఆ ఆఫీసు మెట్ల మీద కాళ్లు వణికాయి. అధికారి తలెత్తి, కంపెనీ తరఫున ఎవరన్నాడు. నేనేనన్నాను. ఆ మాట బయటికి వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. దొరగారు మా ఊళ్లోనే, మా పేట పక్కనే ఉంటారండీ అన్నాను. మరి వీళ్లు లేడన్నారేమని అడిగాడు. అప్పుడు, ఇంట్లో కూడా ఎన్నడూ ఎత్తని మా అన్నయ్య సంగతి ఆ ఖాకీ చొక్కా ముఖం చూస్తూ మొత్తం చెప్పాను. మాకు మీరంటే భయమండీ, ఆయనంటే ప్రాణమండీ, అందుకే లేడన్నారు అన్నాను.

అచ్చమ్మ ఉండబట్టలేక అందుకుంది. "ఉన్నాడు బాబూ. రోజూ నా సేతి కూడే తింతాడు. ఆయన్ని పంపీకండి."

అధికారి నన్ను కూర్చోమని, మంచినీళ్లు తెప్పించి, గ్లాసు తన చేత్తో నా చేతికిచ్చాడు. తాగాను. మేం చెప్పిందంతా రాసుకున్నాడు. దేవునికే మహిమ కలుగును గాక.

వానలు వెనకపట్టాక అనుమతి వచ్చింది. కవరు పట్టుకుని పరుగెత్తితే, దొరగారు దాన్ని పక్కనపెట్టి, రాత్రుళ్లు నిద్ర పడుతోందా తమ్ముడూ అని అడిగారు. పడుతోందన్నాను. అప్పుడు విప్పారు. కన్నుమూసేదాకా ఆయన మాతోనే ఉన్నారు. మా అన్నయ్య కోలుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది, దానికీ ప్రభువుకే స్తోత్రం.

ఎవరితోనూ చెప్పుకోలేని భయం మీలో ఎవరికైనా ఉంటే, ప్రభువును నమ్మండి, ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. నాకు మోకాళ్లు పట్టేశాయి, చూపు మందగించింది, నా గురించి దేవుణ్ణి అడగాల్సినవి చాలానే ఉన్నాయి. అవి తర్వాత. ముందు మీ సంగతి అడుగుదాం.