ఏడో నంబరు తిప్పక్క

మా బడి రెండో తరగతిలో పిల్లలు ఆరుగురు. ఆ ఏడాది పరీక్ష రాసింది ఏడుగురు. ఆ ఏడో పిల్లను బడికి పిలిచిన ఘనత నాదే. పిలిచేనాటికి ఆమె చనిపోయి అరవై ఏళ్ళు దాటిందన్న సంగతి మాత్రం నాకు తెలియదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి, మధ్యలో కొంచెం కష్టమవుతుంది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. అనంతపురం టౌన్లో పుట్టి పెరిగి, సైన్సు చదివి, దయ్యాలు లేవని వ్యాసరచన పోటీలో బహుమతి కూడా కొట్టినదాన్ని. కళ్యాణదుర్గం దాటాక షేర్ ఆటోలో ఇంకా లోపలికి పోతే వచ్చే ఊళ్ళో ఉద్యోగం. ఊరికి ఎడంగా ఒంటరి బడి, అందులో ఒంటరి టీచరు. బడి వెనక మిట్ట మీద ఒక గాలిమర ఉంది. పగలంతా దాని రెక్కల నీడ మా గోడ మీదుగా, బోర్డు మీదుగా, పిల్లల తలల మీదుగా పోతూ ఉండేది. మొదటి వారం ప్రతి నీడకూ ఉలిక్కిపడ్డాను. తర్వాత అలవాటైపోయింది.

ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చిన్న తరగతుల పిల్లలకు రాష్ట్రమంతా ఒకటే పరీక్ష పెడతారట, జవాబులు గుండ్రాల్లో నింపితే మిషన్ దిద్దుతుందట. తల్లిదండ్రులు బెదిరిపోకుండా ముందే కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెప్పాలట. చెప్పడమంటే నాకు మహా ఇష్టం, ఎదుటివాళ్ళకు అర్థమైందా లేదా అన్నది తర్వాతి మాట.

శనివారం మధ్యాహ్నం తల్లులు వచ్చారు. ఒడిలో వేరుశనక్కాయలు పోసుకుని, ఒలుస్తూనే వింటామన్నారు. అందరిలోకీ ముందు నోరు తెరిచింది అంజలి వాళ్ళమ్మ లక్ష్మీదేవి. వానల్లేక పంట పోయి, మొగుడూ పెళ్ళాలు బెంగుళూరుకు కట్టడం పనికి పోదామని మూటలు కట్టుకుని ఉన్నారు.

"ఈ పరీక్షలో మా పాపకు ఏమీ రాదని తేలితే చెప్పేయ్ మేడం. నాతోపాటు పిల్చుకపోతా. మేము పనికి పోతే చిన్నోన్ని చూసుకుంటాది. వస్తాదంటే మా యమ్మ దగ్గర ఇడ్సిపోతా" అంది.

అంజలి కిటికీ బయట నిలబడి వింటోంది. ఏడేళ్ళ పిల్ల, అడిగినదానికి నేల చూపులు తప్ప జవాబు చెప్పేది కాదు. ఇది పాసూ ఫెయిలూ ఉండే పరీక్ష కాదమ్మా అని చెప్పాను. అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూసినట్టు, ఉడక్కపోతే ఇంకాస్త మంట పెడతాం గానీ కుండ పగలగొట్టుకుంటామా అన్నాను. తల్లులు తలలూపారు. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు.

ఆపలేదు. మిగులు జవాబు పత్రం ఒకటి తీసి గోడకు అంటించాను. రాయకముందే ఇన్ని సున్నాలు పెట్టినారేమని ఒకావిడ గొణిగింది. ఎలా నింపాలో చూపిస్తానన్నాను. నింపాలంటే ముందు పేరు కావాలి. ఆరుగురిలో ఎవరి పేరు రాసినా మిగతా ఐదుగురి తల్లులకు కోపం. ఆలోచిస్తూ బయటకు చూస్తే బోరింగు పక్కన పసుపు పూసిన చిన్న రాయి కనిపించింది. దాని మీద సున్నంతో 'తిప్పక్క' అని ఉంటుంది, రోజూ చూసేదే. బోరు వేయించిన దాత కాబోలనుకున్నాను. ఊరి పెద్దమనిషి పేరు పెడితే ఊరంతా సంతోషిస్తుంది కదా. పెద్ద అక్షరాలతో రాశాను: పేరు తిప్పక్క, తరగతి రెండు, రోల్ నంబరు ఏడు. మూడు గుండ్రాలు నల్లగా నింపి చూపించాను.

కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. గాలిమర నీడ ఆ పేరు మీదుగా పోయింది, మళ్ళీ పోయింది. అర్థమైందా అని అడిగాను. కాయలు కొంగున కట్టుకుని ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు, వీపు నా వైపు తిప్పకుండా. ఎంత మర్యాదో అని మురిసిపోయాను.

సోమవారం రెండో తరగతిలో ఒక్క పిల్లా రాలేదు. మధ్యాహ్నం అన్నం వండే సరోజమ్మ మాత్రం వచ్చి, వరండాలో ఒక పళ్ళెం ఎక్కువ పెట్టింది. ఎవరికని అడిగితే నా వైపు జాలిగా చూసింది.

"నువ్వు పిలిచిన పాపకే మేడం" అంది.

అప్పుడు చెప్పింది. ఇప్పుడు బోరింగు ఉన్నచోట ఒకప్పుడు బావి ఉండేదట. ఒక కరువు ఏడాది ఏడేళ్ళ తిప్పక్కను బళ్ళో చేర్చడానికి కొత్త పలక కొనిచ్చారట. బడికి పోతూ పోతూ, ఇంట్లోకి చెంబెడు నీళ్ళు తెచ్చిపోదామని పలక గట్టున పెట్టి, ఎండిన బావిలో ఊట తోడడానికి దిగిందట. మన్ను విరిగి పడింది. పలక మాత్రం గట్టున అట్లే ఉందట. బడికి పోవాలన్న ఆశతో పోయిన పిల్ల కాబట్టి ఆ పేరు బళ్ళో ఎవరూ రాయరట. రాస్తే వస్తుందట. దారిన పోయే శనిని ఇంటికి పిలిచినవాళ్ళున్నారు గానీ, పిలిచి రోల్ నంబరు కూడా ఇచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

బహుమతి పొందిన వ్యాసాన్ని గుర్తు చేసుకుంటూ ఇల్లిల్లూ తిరిగాను. ఎవరూ గొడవపడలేదు, తలుపు దగ్గర నిలబడి మంచినీళ్ళిచ్చి పంపారు. లక్ష్మీదేవి ఇంట్లో మూటలు గుమ్మం దాకా వచ్చేశాయి. పరీక్షే రాయకపోతే ఇక చూసేదేముంది, అంజలిని తీసుకుపోతానంది. చివరికి తిప్పక్క చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. నాగమ్మవ్వకు అరవై అయిదేళ్ళు, ఏడేళ్ళ పిల్లను అక్క అంటుంది. ఆ కాగితం చించేస్తానని బతిమాలాను.

"పిలిచింది నువ్వు. పలక పట్టుకోని వచ్చినదాన్ని రాయనీకుండా పొమ్మంటావా? మా అక్కకు చోటు పెట్టు, పరీక్ష రాయనీ. అప్పుడు పిల్లోళ్ళను పంపమని నేను చెప్తా" అంది.

సైన్సు చదివినదాన్ని, ఒప్పుకున్నాను.

పరీక్ష రోజు ఆరుగురూ వచ్చారు. మూలన కిటికీ పక్కన ఒక ఖాళీ చోటు, దాని ముందు గోడనుంచి తీసిన తిప్పక్క జవాబు పత్రం, పెన్సిలు. దాని పక్కన కూర్చోవడానికి ఐదుగురు ఒప్పుకోలేదు. అంజలి పోయి కూర్చుంది. గంట కొట్టాను. ఒక మూల వైపు చూడకుండా పరీక్ష నిర్వహించిన టీచరు ఈ రాష్ట్రంలో నేను తప్ప ఎవరూ ఉండరు. బోర్డు వైపు తిరిగి నిలబడి వింటున్నాను. ఆరు పెన్సిళ్ళు గీసుకుంటున్న చప్పుడు వినిపించాలి. లెక్కపెట్టడానికి ధైర్యం చాల్లేదు. మధ్యలో ఎవరో గుసగుసలాడారు, అది అంజలి గొంతే అనుకున్నాను, అనుకోవడమే ఆరోగ్యమని వదిలేశాను.

అయిపోయాక పేపర్లు కవర్లో పెడుతుంటే నాగమ్మవ్వ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె కళ్ళ ముందు ఏడోది పక్కన పెట్టలేకపోయాను. మండలాఫీసులో తీసేద్దామనుకున్నాను. అక్కడి గుమాస్తా కవరు లాక్కుని సీలు వేసేశాడు. మిషన్‌కు బతికినవాళ్ళూ పోయినవాళ్ళూ అన్న తేడా లేదు, ఏడు పత్రాలకూ ఏడు ఫలితాల కార్డులు వచ్చాయి.

కార్డులు చదివే రోజు తల్లులంతా వచ్చారు. ఏడో కార్డు పక్కకు తోసేద్దామనుకున్నాను గానీ నాగమ్మవ్వ ముందు వరసలోనే కూర్చుంది. చదివాను. తిప్పక్క, అన్నీ ఒప్పు. నేను నింపింది మూడే గుండ్రాలు. అంజలి కార్డులో సగానికి పైగా తప్పులు.

లక్ష్మీదేవి లేచి నిలబడింది. "చచ్చిపోయిన పిల్లకు వచ్చింది గానీ నా పాపకు రాలేదు. ఇంగేమి చెప్తావు మేడం?" అని అంజలి చెయ్యి పట్టుకుంది. నా మెతుకు పోలిక ఇక పనికిరాదని తేలిపోయింది.

అప్పుడు అంజలి నేల చూస్తూనే మాట్లాడింది. "ఆ యమ్మికి నేనే చెప్పినా టీచర్. గుండ్రాలు పూసేకి రాకుంటే చెయ్యి పట్టుకోని పూయిచ్చినా."

"నీకన్నీ తెలిస్తే నీదాంట్లో తప్పెందుకు పెట్టినావే?" అన్నాను, నాకు తెలియకుండానే ఊరి మాట వచ్చేసింది.

"నాది తప్పయితే బెంగుళూరుకు పోవాల గదా. భయమైతాండె, చెయ్యి ఆడలే. ఆ యమ్మికి యాడికీ పోయే పనిలే."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ ప్రశ్నపత్రమే తీసి, ఇప్పుడు తిప్పక్కకు చెప్పు, నేను వినను అని బోర్డు వైపు తిరిగాను. అంజలి ఖాళీ చోటు పక్కన కూర్చుని గడగడా చెప్పింది. ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగింది.

"ఇది నాకు తెలీదు. ఇది ఆ యమ్మే పూసింది. చెయ్యి సల్లగ ఉండె" అంది.

గాలిమర నీడ గోడ మీదుగా పోయింది. లక్ష్మీదేవి ఆ మూలనే చూసింది గానీ, కూతురి చెయ్యి మళ్ళీ పట్టుకోలేదు. ఆ వారమే అంజలిని తన తల్లి దగ్గర వదిలి బెంగుళూరు వెళ్ళింది. నాగమ్మవ్వ కార్డు కళ్ళకద్దుకుని, పాసయిందా అని అడిగింది. పాసూ ఫెయిలూ లేవని ఊరందరికీ చెప్పిన నోటితోనే, పాసైందవ్వా అన్నాను.

"అయితే మూడులో కూర్చోబెట్టు" అంది.

పాసైన పిల్లను బడినుంచి ఎలా పంపేస్తాం? మూడు, నాలుగు, ఐదు, ఖాళీ చోటు అంజలి పక్కనే పెరుగుతూ వచ్చింది. ఐదయ్యాక అసలు చిక్కు వచ్చింది. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల దూరం, ఊళ్ళోనుంచి పోయే ఆడపిల్ల ఇంకొకరు లేరు. బెంగుళూరునుంచి వచ్చిన లక్ష్మీదేవి, అంత దూరం ఒక్కదాన్ని పంపేది లేదని తేల్చేసింది. నేనెంత చెప్పినా వినలేదు.

"ఒక్కతే యాడ పోతాది? మా అక్క తోడుంటాది గదా" అంది నాగమ్మవ్వ.

లక్ష్మీదేవి ఆలోచించింది. "ఆ యమ్మి తోడుంటే దారిలో ఎవుడు దగ్గరికొస్తాడులే" అని ఒప్పుకుంది. నేను రెండు టీసీలు రాశాను. రెండోది తెల్లకాగితం మీద రాశాను, అంతమాత్రం బుద్ధి మిగిలింది.

హైస్కూలు హెడ్మాస్టరు మర్నాడు ఫోను చేశారు. "ఏమ్మా, టీసీలు రెండు పంపినావు. పిల్ల ఒక్కతే వచ్చింది. రెండో పాప యాడ?"

"అంజలి పక్కనే ఉంటుంది సార్. బెంచీ మీద కాస్త చోటు వదలమనండి" అన్నాను. ఆయన ఫోను పట్టుకునే తరగతి గదిలోకి తొంగిచూసినట్టున్నారు. తర్వాత ఆయన నెమ్మదిగా, ఆ పిల్ల ఎందుకో బెంచీ చివరికి జరిగి కూర్చుందని చెప్పి పెట్టేశారు.

కాబట్టి చదువులతల్లి సాక్షిగా, బోరింగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తల్లిదండ్రులకు ఎన్ని పరీక్షల గురించి చెప్పాల్సి వచ్చినా, నమూనా కాగితం మీద ఊళ్ళో వాకబు చేయకుండా ఏ పేరూ రాయను. ఇప్పటికే ఉన్న ఇద్దరికీ, అంజలికీ తిప్పక్కకూ, ఈ ఏడాది ఎనిమిదో తరగతి నోటుపుస్తకాలు కొనాలి.