సంత హోటల్లో పుట్టగొడుగుల కూర

తొంభైల చివర్లో నాకు ముంచింగిపుట్టులో టీచరుగా ఉద్యోగం వచ్చింది. మాది విజయనగరం పక్క పల్లెటూరు. మా ఆయన ఉద్యోగం పాడేరులో, ఆదివారాలు మాత్రమే వచ్చేవారు. నేనూ నాలుగేళ్ళ మా పాపా ఒక రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. వానాకాలంలో కట్టెలన్నీ తడిసిపోయి పొయ్యి అంటుకునేది కాదు. అందుకే సంత రోజు వంట మానేసి, ఇద్దరం సంత చివరనున్న పాక హోటల్లో తినేవాళ్ళం.

దాన్ని హోటలంటే బయటివాళ్ళు నవ్వుతారేమో. నాలుగు గుంజల మీద గడ్డికప్పు, రెండు బల్లలు, వెనకవైపు పొయ్యి, దాని చుట్టూ తిరిగే కోళ్ళు. అడ్డాకు విస్తట్లో అన్నం, పప్పు, ఏదో ఒక కూర. ఎండుచేపల పులుసు ఉందంటే కూర్చోడానికి చోటుండేది కాదు. పసుపూ చింతపండూ కొండల మీంచి మోసుకొచ్చిన వాళ్ళు, బస్సు డ్రైవర్లు, నాలాంటి నెలజీతగాళ్ళు, అందరం మోచేతులు తగుల్తుండగా తినేవాళ్ళం. హోటల్ ఆమెది పక్క కొండ మీది ఊరే. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. కారం వెయ్యకముందే పాప కోసం కాస్త పప్పు తీసి పక్కన పెట్టేది.

ఆ రోజు పుట్టగొడుగుల కూర వండింది. ముందురోజు ఉరుములు ఉరిమాయి, తెల్లారేసరికి అడవిలో బోలెడు లేచాయట. అల్లం దంచి వేసి చేసిందేమో, వాసన వీధిలోకే వచ్చింది. పాప పప్పు వద్దని ఆ కూరే తిన్నది, మళ్ళీ పెట్టించుకుంది కూడా.

తిన్నాక ఉల్లిపాయలు బేరం చేస్తున్నాను. జనాన్ని తోసుకుంటూ అక్క నా వైపు వస్తోంది. చేతులకి పిండి అంటుకుని ఉంది, కొంగు జారిపోతున్నా చూసుకోవడం లేదు. దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, గుంటకి కూడా ఆ గొడుగుల కూర పెట్టినావా?"

పాపకీ పెట్టానన్నాను.

"నా కోళ్ళు సచ్చిపోనాయి. గొడుగులు బాగుసేసిన తుక్కు తిన్నాయి. బేగి ఆసుపత్రికి పద."

ఇంకేదో అడగబోయాను గానీ ఆమె అప్పటికే ముందుకు వెళ్ళిపోయింది. ఉప్పు కొంటున్న ఒకతన్ని ఆపింది, తర్వాత బస్సు మెట్టు మీద కాలు పెట్టిన ఇంకొకామెని. తన కూర తిని మనుషులు చచ్చిపోతారేమో అని సంతంతా వినేలా చెబుతోంది. నేను పాపనెత్తుకుని పరిగెత్తాను. ఉల్లిపాయలు అక్కడే వదిలేశాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు పాప కళ్ళూ నాలుకా చూశారు, పొట్ట నొక్కి చూశారు. ఇప్పటికైతే ఏమీ లేదన్నారు. నాకు ఊపిరాడింది. ఆయన వెంటనే, కొన్ని పుట్టగొడుగుల విషం చాలా గంటలదాకా పైకి తెలియదమ్మా, రేపటిదాకా ఇక్కడే ఉండండి అన్నారు.

ఆ మాట తర్వాత పాప బాగున్నా భయమే. వరండాలో నీళ్ళ గుంటలో కాగితం ముక్కలు వదులుతూ ఆడుకుంటోంది. వాంతి చేసుకుంటే కనీసం ఏం జరుగుతోందో తెలిసేది. దగ్గరికి పిలిచి కడుపు నొప్పిగా ఉందా అని అడిగేదాన్ని. అడిగి అడిగి నేనే దానికి నొప్పి నేర్పినట్టయింది, సాయంత్రానికి ఉందని తలూపింది. దాన్నెత్తుకుని లోపలికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు మళ్ళీ చూసి, ఆకలేస్తోందేమో అన్నారు. బిస్కెట్ ఇస్తే తినేసి మళ్ళీ ఆటకెళ్ళిపోయింది. మా ఆయనకి ఫోన్ చేద్దామని టెలిఫోన్ బూత్‌కి మనిషిని పంపితే, వానకి లైను పోయిందన్నారు. ఒకవేళ ఏదైనా అయితే ఆయనకి నేను ఏమని చెప్పాలి? వంట చెయ్యడానికి బద్ధకించానని చెప్పాలా?

అక్క దొరికిన వాళ్ళందరినీ పట్టుకొచ్చింది. కానీ దూరపు ఊళ్ళవాళ్ళు కొందరు అప్పటికే కొండెక్కేశారు. ఒక దారిన ఆమె మొగుడు, ఇంకో దారిన ఆమె వెళ్ళారు. చీకటి పడుతుండగా ఆమె ఎవరూ దొరక్క, తడిసి ముద్దై తిరిగొచ్చి నా పక్కన గోడకి ఆనుకుని కూలబడింది. నువ్వూ తిన్నావా అని అడిగాను. అందరికన్నా ముందు తనే రుచి చూసిందట. అప్పటిదాకా ఆ సంగతి ఆమెకీ గుర్తు రాలేదనుకుంటాను. నా ఒళ్ళో నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, చెయ్యి తీసేసుకుంది.

తెల్లవారింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. కాసేపటికి ఆమె మొగుడు, తనకీ దారిలో ఎవరూ దొరకలేదంటూ, చచ్చిన కోడినొకదాన్ని పట్టుకొచ్చాడు. కోసి చూస్తే దాని పొట్టలో గులాబీరంగు పట్టిన వడ్లగింజలున్నాయి. పక్కవాళ్ళు పురుగుల మందు పట్టించిన విత్తనాలు పెరట్లో ఆరబెట్టుకున్నారు, కోళ్ళు అవి తిన్నాయి. డాక్టరుగారు మధ్యాహ్నందాకా ఉంచి మమ్మల్ని పంపించేశారు. ఇంటికొచ్చాక తలుపేసుకుని చాలాసేపు ఏడ్చాను. పాప బిత్తరపోయి నా చీర పట్టుకుని నిలబడింది.

కొండెక్కిపోయిన వాళ్ళ సంగతి మాత్రం తెలియలేదు. ఆ పై సంతకి నేను వెళ్ళేసరికి అక్క పొయ్యి రాజెయ్యకుండా బాట మీద నిలబడి వచ్చేవాళ్ళ మొహాలు చూస్తోంది. ఆ రోజు వెళ్ళిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. చింతపండు తెచ్చే ముసలాయన మాత్రం రాలేదు. ఆ రోజు ఆయన కూర బాగుందని మూడుసార్లు వేయించుకున్నాడట. ఆయన ఊరివాళ్ళెవరూ సంతకి రాలేదు, వాగు పొంగి ఉంది. మందు గింజలే కారణమని తెలిసినా, కోళ్ళు తుక్కూ గింజలూ రెండూ తిన్నాయేమో అంది అక్క. ఆ వారమంతా రాత్రుళ్ళు లేచి పాప ఒళ్ళు తడిమి చూస్తూనే ఉన్నాను.

తర్వాతి సంతకి ముసలాయన వచ్చాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. జ్వరమొచ్చి పడుకున్నానని, వాగు తగ్గాక వచ్చానని చెప్పాడు. అక్క ఆయన్ని భుజం పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది, తను లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. అన్నం నేనే వడ్డించాను.

చాలామంది ఆ హోటల్‌కి రావడం మానేశారు. తప్పు కూరది కాదని తెలిసినా రాలేదు. నేను మాత్రం పాపని తీసుకుని వెళ్ళేదాన్ని. ప్రతిసారీ మొదటి ముద్ద నేను తిని, కాసేపాగి దానికి పెట్టేదాన్ని. అక్క అది చూసేది. ఏమీ అనుకునేది కాదు. పుట్టగొడుగులు మాత్రం ఆమె మళ్ళీ వండలేదు.