తూము రాయి దగ్గర బాప్తిస్మం

మా కాలవ గట్టు మీద, తూము పక్కన మోకాలెత్తు నల్లరాయి ఒకటుంది. హనుమాన్ జంక్షన్ నుంచి మా ఊరొచ్చే కొత్తవాళ్లకు ఆటోవాళ్లు అడక్కుండానే దాని కథ చెబుతారు. ఒకప్పుడు అక్కడ ఇద్దరు రైతులకు నీళ్ల వంతు మీద మాటామాటా పెరిగింది. తన వంతు కాకపోయినా ఒకడు తూము ఎత్తాడు. అడ్డుపడిన రెండోవాణ్ని పారతో కొట్టి చంపాడు. చనిపోయినవాడు పడ్డ చోట అతని వాళ్లు రాయి పాతారు. అప్పటి నుంచి చంపినవాడి ఇంటివాళ్లు ఆ రాయి దాటరు, ఆ నీళ్లు ముట్టరు. ముడితే ఆ ఇంట్లో ఒకరు నీళ్లలో పోతారట. పొలానికి వెళ్లాలన్నా అవతలి గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోతారు. ఏటా కాలవకు మొదటి నీళ్లు వదిలినప్పుడు రాయి దగ్గరికి రాగానే ఎర్రబడతాయని కూడా చెబుతారు.

"అది గోదారి నీళ్ల ఎరుపండీ, పట్టిసీమ ఎత్తిపోతల నుంచి వస్తున్నాయిగా," అన్నాను ఒకసారి.

"మరి పట్టిసీమ లేనప్పుడో?" అన్నాడు ఆటో అతను.

నేను ప్రార్థన మానని ఇంట్లో పుట్టాను. బైబిల్లో అన్న తమ్ముణ్ని పొలంలో చంపడం, నేలలోంచి ఆ రక్తం దేవునికి మొరపెట్టడం సండే స్కూల్లో విన్నప్పుడల్లా నా కళ్లకు మా తూమే కనబడేది.

ఆ చంపినవాడి వంశంలో పిల్ల మా సంఘంలో అబ్బాయిని పెళ్లి చేసుకుంది. భర్తతో ఆరాధనకు వచ్చీ వచ్చీ, ఒక ఆదివారం లేచి నిలబడి బాప్తిస్మం తీసుకుంటానని చెప్పింది. మందిరం చప్పట్లతో మోగిపోయింది. నాకైతే ఒళ్లు పులకరించింది. చప్పట్లు ఆగాక అసలు సంగతి గుర్తొచ్చింది. కాలవలో మిగతా రేవులన్నీ గుర్రపుడెక్కతో మూసుకుపోయాయి. మనిషి మునగడానికి చోటున్నది తూము రేవులో ఒక్కచోటే.

"జంక్షన్లో మందిరంలో తొట్టి ఉందమ్మా, అక్కడ ఇప్పిద్దాం," అన్నారు మా పాస్టరు అయ్యగారు.

"దొంగచాటుగా ఎందుకండీ అయ్యగారూ? మన కాలవలోనే తీసుకుంటాను."

"మరి మీ నాన్న?"

"అన్నం కూడా సరిగా తినట్లేదండీ. నేను నీళ్లలో పోతానని ఆయన భయం."

"నీకు లేదా?" అన్నాను నేను.

"ఎందుకుండదక్కా? అలాగని రేపు నాకు పుట్టేవాళ్లూ గట్టు చుట్టూ తిరగాల్సిందేనా?"

ఆ వారమంతా స్త్రీల సమాజం ఉపవాసముండి ప్రార్థించాం. తెల్లారకముందే వెళ్లి పలుగుతో రాయిని పెకలించేద్దామని మాలో ఒకావిడ లేచింది. అయ్యగారి భార్య ఊరుకోలేదు. "అక్కడ పోయింది ఆ రాయి పాతినవాళ్ల తాత. మన తాత సమాధి మీద ఎవరైనా పలుగేస్తే ఊరుకుంటామా?" అని కూర్చోబెట్టారు.

ఆదివారం వచ్చేసింది. పట్నంలో వన్ టౌన్ బజార్లో కొన్న తెల్లచీర కట్టుకుని ఆ పిల్ల మధ్యలో, చుట్టూ గొడుగులు వేసుకుని మేము. ఆమె ఎవరి కంటా పడకుండా రేవులో దించేయాలని మా ఎత్తు. కంజిరలు కొడుతూ పాడుతూ గట్టెక్కాం. రాయి పక్కన తూము గోడ మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చనిపోయిన రైతుకు మనవడాయన.

"వానా లేదు, ఎండా లేదు, గొడుగులెందుకమ్మా?" అన్నాడు.

పాట ఆగిపోయింది.

"ఎవర్ని దాచారో నాకు తెలుసులే. ముయ్యండి."

మూశాం. అయ్యగారు ముందుకొచ్చి, "వందనాలండీ, మేము..." అనబోయారు.

"మీరుండండి పాస్టరు గారూ. ఇది మా రెండిళ్ల మాట." ఆ పిల్ల వైపు తిరిగాడు. "ఏమ్మా, మా తాత నీళ్లివ్వననే మనిషి కాదు. అడిగితే తన వంతు కూడా వదిలేసేవాడట. మీవాళ్లు అడగలేదు. ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. గట్టు మార్చి తిరిగారు, అంతే."

నాకు సిగ్గేసింది. వారమంతా దేవుణ్ని ఎన్నో అడిగాం. ఈ మనిషిని ఒక్క మాట అడుగుదామని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ పిల్ల చెప్పులు విడిచి, చేతులు జోడించింది. "తాతయ్యా, ఈ రేవులో దిగడానికి నాకు వంతు ఇస్తారా?"

పెద్దాయన గోడ మీద నుంచి లేచాడు. "ఇవాళ వంతు మాదే," అన్నాడు. మెట్ల వైపు చెయ్యి చూపించాడు. "మాది నీకిచ్చా. దిగు. మెట్టు పాకుడు పట్టింది, చూసుకో."

స్తోత్రం! కంజిరలు ఒక్కసారిగా లేచాయి. ఆ పిల్ల రాయి పక్కనుంచే నడిచి మెట్లు దిగింది. నడుము లోతు నీళ్లలో అయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టారు. అప్పుడే ఎవరో అవతలి గట్టు చూపించారు. వాళ్ల నాన్న! తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. కూతురు నీళ్లలో మునగగానే ఆయన గట్టు మీద నుంచి జారినంత పని చేసి కాలవలోకి దిగిపోయాడు.

ఎర్రనీళ్లు చీల్చుకుంటూ ఆమె పైకి లేచింది. మేమంతా కేకలు పెట్టాం. అంత గోలలోనూ ఆయన గొంతే పైకి వినిపించింది.

"తల తుడుచుకోవే! జలుబు చేస్తుంది!"

"ఏరా, నువ్వు మాత్రం అడక్కుండానే దిగావేంటి?" అని ఇవతలి నుంచి పెద్దాయన అరిచాడు.

వాళ్ల నాన్న కిందికి చూసుకున్నాడు. నీళ్లు మోకాళ్లు దాటాయి. అయినా వెనక్కి వెళ్లలేదు.

"కూతురు మునిగిపోయిందిగా బాబాయ్! అడిగే తీరికెక్కడిది?"