ఒక్కనాడే పుట్టిన క్లాసు

ఆ దినాలల్ల చేతిల కొత్త ఫోను ఉంటే మనిషికి ఎంత ధైర్యం వస్తుండెనో, ఇప్పుడు తలుసుకుంటె నాకే నవ్వొస్తది. ఎదురుంగ నిలబడి ఒక్క మాట అడగనీకి నోరు రాదు గని, ఫోన్ల మాత్రం ఊరందరిని పిలిచేటోళ్లం. నేను గప్పుడు పటాన్‌చెరు దిక్కు ఒక మందుగోలీల కంపెనీల ప్యాకింగ్ పని చేస్తుంటి. పెండ్లి కాలే. సదువంటరా, ఐదో తరగతి అయినంక మా అమ్మ కూడ కంపెనీ పనికి పోవుడు మొదలువెట్టింది, చిన్న తమ్ముని సూసేటోళ్లు లేక నేను ఇంట్ల ఆగిన. గంతే, అండ్ల ఏడ్సే కథేం లేదు. (గిట్ల కూసోని రాసుడు నాకు గిదే మొదలు. ఏడనన్న తప్పు పోతే మీరే జెర సర్దుకోండ్రి.)

నా పక్క మిషన్ మీద ఒడిశా పిల్ల ఒకామె పనిచేస్తుండె. ఒకనాడు చాయ్ టైంల వాళ్ల ఊరి బడి పేజీ తన ఫోన్ల సూపెట్టింది. పాత దోస్తులు, పాత ఫోటోలు, ఒకల మీద ఒకలు జోకులు. నా పాణం గుంజింది. మా క్లాసోళ్లంత ఏడున్నరో, నేను యాదికున్ననో లేదో అని. ఆమెనే నా చెయ్యి వట్టుకోని నేర్పింది, ముందుగాల నా పేరు మీద ఖాతా, ఎన్క క్లాసు పేజీ. పుట్టిన తారీఖు అడిగితె ఆధార్ కార్డుల ఉన్నదే కొట్టిన, జూన్ పది. పేజీకి ఏం పేరు పెట్టాల్నో మాత్రం శానసేపు సమజ్ కాలే. పదో తరగతి అని రాద్దామంటె నేను సదవలే, ఐదో తరగతి అని రాద్దామంటె సిగ్గు. ఆఖరికి 'మన క్లాసు' అని పెట్టి ఊకున్న.

నాలుగు దినాలు దాంట్ల నేను, ఆ ఒడిశా పిల్ల తప్ప ఎవ్వరు లేరు. (ఆమెకు తెలుగు రాదు, అయినా నేను ఏం పెడితె దానికి దండం బొమ్మ పెట్టేది.) ఇగ బంద్ చేద్దాం అనుకునే యాళ్లకు మా క్లాసుల పొడుగు జడ పిల్ల, మేమంత పెద్దజడ అని పిలిచేది, దొరికింది. పెద్దజడ వాళ్లది కోస్తా దిక్కు. వాళ్ల నాయిన పెద్ద ఫ్యాక్టరీల కొలువుకని వచ్చి, ముందుగాల మా ఊర్లనే కిరాయికుండి, ఎన్క పటేల్‌గూడల ఇల్లు కట్టుకున్నడు. ఆ పిల్ల ఐదు దాక మాతోనే సదివింది. దాని ఎనక పొట్టోడు, గాజులామె, కిరాణకొట్టోడు, ఒకల తర్వాత ఒకలు వచ్చిండ్రు. ఆఖరికి లీడర్ వచ్చిండు. లీడర్ అంటె, మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాసేటోడు. గప్పటికి ఇంద్రేశం దిక్కు కొత్త వెంచర్లల్ల ప్లాట్లు సూపెట్టే పని చేస్తుండె. బోర్డు పోయింది గని లీడర్ గిరి పోలే.

వచ్చిన రెండో నాడే ఫోన్ చేసిండు. పేజీ మంచిగున్నదని మెచ్చుకున్నడు, నేను ఉబ్బిపోయిన. గంతట్ల అసలు మాట చెప్పిండు.

"గని పాస్‌వర్డ్ నాకియ్యి. పది దాక సదివినోళ్లు నడిపితె ఇజ్జత్ ఉంటది. 'పదో తరగతి బ్యాచ్' అని పేరు మారుస్త. నువ్వు ఐదుకే ఆపేస్తివి గద, నీకెందుకు పరేషాన్."

నేనేమన్ననో తెలుసా? సరే అన్న. ఫోన్ పెట్టేసినంక సమజైంది, ఆ పేరు మారితె నేను పెట్టిన పేజీల నాకే జాగ ఉండదని. అప్పటి సంది ఒకనాడు నెట్ లేదన్న, ఒకనాడు షిఫ్ట్ అన్న, ఒకనాడు పాస్‌వర్డ్ మర్సిపోయిన అన్న. ఆయన ఊకునే మనిషి గాదు, నాకు కాదని చెప్పే నోరు లేదు.

గిట్ల దినాలు జరుపుతుంటె జూన్ పది వచ్చింది. చాయ్ టైంల లాకర్ల నుంచి ఫోన్ తీసిన. ఈ రోజు నీ దోస్తులది పుట్టినరోజు అని సూపెడుతుంది. లీడర్‌ది, పొట్టోనిది, గాజులామెది, కిరాణకొట్టోనిది, వేలుతోని కిందికి జరుపుతుంటె ఒడుస్తనే లేదు. ఒడిశా పిల్ల తొంగిసూసి, "దీదీ, సబ్ జుడ్వా హై క్యా?" అన్నది. అందరు కవలలేనా అని అడుగుతుంది పాపం.

కవలలు కాదమ్మా, సార్ రాసిన పిల్లలం అని వచ్చీరాని హిందీల చెప్పిన. మా ఊర్ల ఒకటో తరగతిల చేర్పిచ్చేటప్పుడు తారీఖు ఎవరికెరుక? మా అమ్మ కందులు కోసేటప్పుడు అన్నది. పొట్టోని అమ్మ బర్రె ఈనిన వారం అన్నది. బడి సార్ అందరిది విని, అందరికి ఆ చేర్పిచ్చిన తారీఖే, జూన్ పది, ఐదేండ్లు ఎన్కకు ఏసి రాసిండు. ఇండ్లల్ల ఇది అందరికి తెల్సిన ముచ్చటనే, ఫోనుకే తెల్వది.

ఆనాడు పేజీ సూడాలె మీరు. అందరు అందరికి శుభాకాంక్షలు. నీకు, నీకు గూడ, నీకు గూడ అనుకుంట. పెద్దజడ ఒక్కతే డిసెంబర్‌ల నిజంగ పుట్టింది, చిన్నప్పుడు చాక్లెట్లు పంచేది. అది నాకు ఫోన్ చేసి, "ఒసేయ్, మీ ఊరి ఆసుపత్రి ఆ ఒక్కరోజే తెరిచారేంటే?" అని పడీ పడీ నవ్వింది. ఆఖరికి మూతి ముడుసుకున్నట్టు, తనకు మాత్రం సార్ ఆ తారీఖు ఎందుకియ్యలేదని అడిగింది. ఇగ సాయంత్రం బడిల కలుద్దాం, ఒక్కటే కేకు కోద్దాం అని అదే తీర్మానం చేసింది.

కేకు మీద పదో తరగతి బ్యాచ్ అని రాపియ్యమని లీడర్ నాకు ముందే చెప్పిండు. పటాన్‌చెరుల బేకరాయన కేకు మీద పేరు ఏందమ్మా అని అడిగితె నేను ఎంట వచ్చిన పెద్దజడ దిక్కు సూసిన. పెద్దజడే ముందుకొచ్చి 'మన క్లాసు' అని రాపిచ్చింది. పదో తరగతి తను గూడ ఈడ సదవలేదట, మరి తనెవరట.

లీడర్ సంగారెడ్డికి పోయి, పించన్ల ఉన్న మా సార్‌ను కార్ల తోల్కచ్చిండు. వరండల కేకు డబ్బ తీసినంక అక్షరాలు సూసి, "గిదేంది, నేను చెప్పింది గిదా" అన్నడు. నేను నా చెప్పులు సూసుకుంట నిలబడ్డ. సార్ ఏందిరా అంటె ఆయన చెప్పిండు, ఐదుకే ఆపిన ఈమె పెట్టిన పేజీకి పేరు మారుస్తున్నం సార్, పది పాసైనోళ్లదే క్లాసు గదా అని.

సార్ కుర్సీల కూసోని నిమ్మళంగ అడిగిండు. "నువ్వెప్పుడు పుట్టినవ్ రా?"

"గియ్యాల్నే సార్."

"ఎవరు చెప్పిండ్రు?"

"మీరే రాసిండ్రు గద సార్."

"రాసిన. ఒకటో తరగతిల రాసిన. అదే కలంతోని గీ బిడ్డది గూడ రాసిన. ఒక్కనాడు పుట్టినోళ్లు మీరు, ఇందుల పెద్దోడెవడు, చిన్నోడెవడు? ఇగ కొయ్యుండ్రి, కేకు కారుతుంది."

అందరు నవ్విండ్రు. లీడర్ గూడ నవ్వి, నెత్తి గోక్కుంట కత్తి నా చేతిల పెట్టిండు. "పేజీ నువ్వే ఉంచుకో తియ్యి. గని నా ప్లాట్ల ఫోటో ఒక్కటి పెట్టాలె" అని చెవుల అన్నడు. (పెట్టిన. ఇప్పటికి ఆ పేజీల అన్నిటికన్న ఎక్కువ మంది సూసింది ఆ ప్లాట్ల ఫోటోనే.)

ఎన్క క్లాసు ఫోటో దిగాలె అన్నరు. నేను గంత సంబురంగ అందరిని వరుసల నిలబెట్టిన, పొట్టోన్ని ముంగటికి, సార్‌ను నడుమకు. జరుగుండ్రి, నవ్వుండ్రి, ఎవ్వరు తప్పిపోవద్దు అని జీవితంల మొదటిసారి గొంతు లేపి చెప్పిన. గప్పుడే పేజీల పెట్టేసిన కూడ. ఇంటికి పోయినంక పెద్దజడ అడిగింది, "అందరూ ఉన్నారు, నువ్వేదే?" అని.

తెరిచి సూస్తె నిజమే, నేను లేను. తీసిందే నేనాయె. ఆ క్లాసుల నాకు జాగ ఉండాలెనని గన్ని దినాలు నిద్ర ఇడిసిన పిల్ల, జాగ దొరికినంక పోయి నిలబడుడు మర్సిపోయింది. ఫోటో కింది మూలకు మాత్రం గుండ్రంగ ఏదో అడ్డం వచ్చింది. అది నా బొటనవేలు. ఇప్పుడు మా పిల్లలు అమ్మా నువ్వేడున్నవ్ అని అడిగితె, దాన్నే పెద్దగ చేసి సూపెడుత.