ఆదివారం సాక్ష్యం

మొన్న వన్ టౌన్‌లో మా ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నచోట ఓ ప్రార్థన మందిరం గోడ మీద నీలం రంగుతో ‘సమాధానం’ అని ఒక్క మాట రాసి ఉంది. ఆటో అతను దాన్ని కాసేపు చూసి, “ప్రశ్న ఏటో రాయనేదేటమ్మా?” అన్నాడు. నవ్వాను కానీ, ఆ నవ్వుతోపాటే మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. ఆనందపురం దగ్గర రైతుల ఇంటివాడు. చిన్న వయసులోనే మిలిటరీకి వెళ్లి, తొంభైల నడుమ తిరిగొచ్చి, ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీలో కుదిరాడు. ఒంటి మీద గీత కూడా పడకుండా వచ్చాడని ఊరంతా సంబరపడింది. లోపలి సంగతి అక్కకే తెలుసు. గుమ్మానికి వీపు పెట్టి ఎక్కడా కూర్చునేవాడు కాదు. కుక్కర్ కూత వేస్తే కంచం ముందునుంచి లేచిపోయేవాడు. అక్క కుక్కర్‌ని అటకెక్కించి, పప్పు గిన్నెలోనే ఉడకేసేది. ఇక నిద్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏమైందని అడిగితే, “ఏటీ నేదు” అనేవాడు.

అలాంటివాడు ఉన్నట్టుండి కంటినిండా నిద్రపోవడం మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా బస్సెక్కేవాడు. మొగుడు హాయిగా నిద్రపోతుంటే భయపడిన ఇల్లాలు మా అక్కే అయ్యుంటుంది. ఒకరోజు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“సెల్లీ, మీ బావ ఈ ఆదివారం సాచ్చం సెప్తాడట. ఎవుడితోనో అంటంటే ఇన్నాను. ఏ కేసులో ఇరుక్కున్నాడో ఏటో!”

నేనప్పుడు ఓ వకీలు దగ్గర టైపిస్టుని. సాక్ష్యమంటే నాకు బోను, ప్రమాణం, క్రాస్ ఎగ్జామినేషన్. పైగా అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కూరలవాడు రెండు వంకాయలు కొసరేస్తే పుచ్చులేమోనని చీల్చి చూసే మనిషిని. ఆదివారం ఏ కోర్టు ఉంటుంది? అంటే గుట్టుగా జరిగే వ్యవహారమే! మిలిటరీలో ఏదో ఘోరం చేసొచ్చాడని, జైలుకెళితే అక్క గతేమిటని, వారమంతా లోలోపల విచారణ జరిపి శిక్ష కూడా వేసేశాను.

ఆదివారం బావ ఎక్కిన బస్సులోనే అక్కా నేనూ ముందు ఆడవాళ్ల సీట్లలో కొంగు కప్పుకుని కూర్చుని, వన్ టౌన్‌లో దిగి, అతని వెనకే సందులు తిరిగి, ఓ రేకుల షెడ్డు దగ్గర తేలాం. లోపల చాపల మీద జనం, పాట, డోలక్. గుమ్మంలోనే ఆగిన అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“గుమ్మానికి ఈపు పెట్టి కూకున్నాడే!”

నాకు అనుమానం ఇంకా పెరిగింది. వీళ్లు ఇతనికి ఏం తాగిస్తున్నారు? ఇంతలో పాస్టరుగారు, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని బావని పిలిచారు. బావ లేచి ఇటు తిరిగాడు. మమ్మల్ని చూసి తడబడ్డాడు. తర్వాత అక్కనే చూస్తూ చెప్పాడు.

“ఆయేల పహరా నాది. జొరమొచ్చి నాను పడుకుంటే, నా బదులు నా నేస్తం ఎల్నాడు. మరి రానేదు. ఆడెందుకు పోనాడు, నానెందుకు మిగిల్నాను అని రోజూ అడుక్కున్నాను. ఆ బరువు పెబువు పాదాల కాడ పెట్టీసినాను. జవాబు ఇప్పటికీ దొరకనేదు. సమాదానం దొరికింది.”

జవాబూ సమాధానమూ ఒకటేననుకుంటూ అంతవరకూ టైపు కొట్టినదాన్ని. వీళ్ల భాషలో సమాధానమంటే శాంతి అని ఆ రేకుల కింద తెలిసింది. అక్క నలుగురిలోనూ బోరున ఏడ్చింది. నా కొంగుతో తన కళ్లు తుడిచాను. అయినా తిరిగొస్తూ, ఆ మాట ఎవరైనా నేర్పారేమోనని అనుమానిస్తూనే ఉన్నాను.

అక్క మాత్రం సింహాచలం మానలేదు, బావని ఆదివారం ఆపలేదు. ఓరోజు అటక మీంచి కుక్కర్ దించి పొయ్యెక్కించింది. హాల్లో బావ ఇడ్లీ తింటున్నాడు. ఇద్దరం వంటింట్లోంచి దొంగల్లా తొంగి చూస్తున్నాం. కూత వచ్చింది. బావ చెయ్యి ఆగింది. కళ్లు మూసుకున్నాడు, పెదాలు కదిలాయి. మళ్లీ తినడం మొదలుపెట్టి, “ఇంకో కూత రానీండి, నేకపోతే పప్పు ఉడకదు,” అన్నాడు. ఆ మాట ఎవరూ నేర్పింది కాదు.

బావ పోయి చాలాకాలమైంది. ఆ నేస్తం ఎందుకు పోయాడో కాలమూ చెప్పలేదు, చెబుతుందన్న ఆశా నాకు లేదు. కానీ ఇన్నేళ్లు గడిచినా, ఎవరింట్లో కుక్కర్ కూత వేసినా, నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.