గత్తర నాడు వేసిన కేక

దండోరా వేసినవాడి మీద నాకు కోపం లేదు. నిజాం జమానా అది, నలభైల నాటి మాట. ఆ మనిషి మా కొత్తవాడ సందుసందునా డప్పు కొట్టి మరీ చెప్పాడు. ఊళ్లోకి గత్తర, అదే కలరా, వచ్చింది, వాంతులూ విరేచనాలూ మొదలైతే ఆగకండి, రోగిని వెంటనే సర్కారు దవాఖానకు తీసుకురండి అని. ఎప్పుడు పోవాలో చెప్పాడు. పక్కింటి తలుపు ఎలా తెరిపించాలో మాత్రం చెప్పలేదు.

మా వాడలో ఒక నమ్మకం ఉండేది. గత్తర ఆడమనిషి రూపంలో తిరుగుతుందట. తెలిసినవాళ్ల గొంతుతో గుమ్మం ముందు నిలబడి పిలుస్తుందట. పలికినవాళ్లను వెంట తీసుకుపోతుందట. ఇంకేముంది, దండోరా పడ్డప్పటి నుంచీ పట్టపగలే అన్ని ఇళ్లకూ గడియలు. లోపల జంపఖానాలు నేసే మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉండేది. పిలిస్తే మాత్రం ఒక్కరూ పలికేవారు కాదు. ఏం మనుషులో!

నాన్న నేసిన సరుకు అమ్ముకురావడానికి స్టేషన్ ఘన్‌పూర్ పోయిన రోజే అమ్మకు పట్టుకుంది. వాంతులు మొదలైన కాసేపటికే కళ్లు గుంటలు పడ్డాయి, కాళ్లు కొంకర్లు పోయాయి. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. అమ్మను దవాఖాన దాకా మోయడం నావల్ల కాదు. పక్కింటి పెద్దమ్మ వాళ్లకు ఎడ్లబండి ఉంది. వెళ్లి తలుపు బాదాను.

"పెద్దమ్మా, తలుపు తియ్యి! అమ్మకు గత్తర తగిలింది. పెదబాపును జర బండి గట్టుమను!"

లోపల మగ్గం ఆగింది. అంటే విన్నారు. గడియ కదలలేదు. ఎదురింటికి వెళ్లాను, ఆ పక్కింటికి వెళ్లాను. బతిమాలాను, తిట్టాను. వాడ చివరిదాకా అదే తంతు. ఆ ఇళ్లలో ఏ కాన్పు వచ్చినా ముందు మా అమ్మనే పిలిచేవారు. పిలిస్తే ఆమె అన్నం ముందు నుంచి లేచి వెళ్లేది.

తిరిగి వచ్చేసరికి అమ్మకు మాట పడిపోయింది. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. వాడ నడిమధ్య నిలబడి, "నిప్పు! నిప్పంటుకున్నది!" అని గొంతు చించుకున్నాను. ఇళ్ల నిండా నూలు కదా, తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. బిందెలతో ఉరికొచ్చారు.

నిప్పు లేదని తెలిసి మొదట నన్నే తిట్టారు. "గిట్ల అబద్ధమాడ్తవా పిల్లా? మా పానం పోయినంత పనైంది!" అన్నాడు పెదబాపు.

"మా అమ్మ పానం పోతాంది, బండి గట్టు!" అని ఆయన మొహం మీదే అరిచాను. అందరి ఎదుటా సిగ్గనిపించిందో ఏమో, కట్టాడు.

దవాఖానలో సెలైన్ ఎక్కిద్దామంటే నరం దొరకలేదు. డాక్టరు రెండు చేతులూ వెతికాడు, కాళ్లూ వెతికాడు. దీపాలు పెట్టే వేళకు అమ్మ పోయింది.

దినాలయ్యాక పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుని తల నిమిరింది. "మొదటి పిలుపుకే నీ గొంతని గుర్తువట్టిన బిడ్డా," అంది. "నీ గొంతు గాబట్టే పలకలే. ఎవరో తెల్వనోళ్లు పిలిస్తే తీద్దును."

ఆ చేతిని విసిరికొట్టాను. నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నదని తెలిసే విసిరికొట్టాను.