అత్తమ్మ వేసిన మాల

కార్తీకం వచ్చిందంటే మా ఇబ్రహీంపట్నం చౌరస్తాలో చెప్పుల దుకాణదారుకు ఏడుపు ఒకటే తక్కువ. ఊళ్లో ఎటు చూసినా అయ్యప్ప స్వాములే, నల్లబట్టలు కట్టి వట్టి కాళ్లతో తిరుగుతుంటారు. పక్కనున్న చికెన్ సెంటర్ వాడిదీ అదే బాధ. మొన్న నేను వెళ్లి మగవాళ్ల చెప్పులు కావాలనగానే ఆయన చుట్టం వచ్చినట్టు సంబరపడి కుర్చీ వేశాడు. "ఎన్నో నంబరు అక్కా?" అని అడిగాడు. చెప్పబోయి ఆగిపోయాను. చెప్పులు మా మరిదికి. నేను కాపురానికి వచ్చేనాటికి అతను పదో తరగతి చదువుతున్నాడు, బడి బూట్లు కొనిపెట్టినప్పటి నుంచీ అతని కాలి కొలత నాకు తెలుసు. ఎనిమిదో నంబరు. ఆ నంబరు ఇప్పుడు పట్టదని కూడా తెలుసు. మరి ఏది పడుతుందో మాత్రం తెలియదు.

మా మరిది కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఎండాకాలంలో మంచాల వైపు రైతులు మోటారు ఆటోలో వేసుకుని అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. ఎప్పుడూ ఒంటి మీద వార్నిష్ వాసన. దూరం కూర్చోమని నేను ముక్కు మూసుకుంటే, కావాలని దగ్గరకొచ్చి నా కొంగుకు చేతులు తుడిచిపోయేవాడు. వదినా మరుదుల మధ్య ఎకసెక్కాలు ఏ ఇంట్లోనైనా ఉండేవే. నీకు గయ్యాళి పెళ్లాన్ని తెస్తానంటే నవ్వి ఊరుకునేవాడు. అలాగే ముప్ఫై ఏళ్లు వచ్చాయి. ఒకరోజు మా మామ, అంటే అతని తండ్రి, కొంగరకలాన్ సంబంధానికి మాట ఇచ్చి వచ్చి ఆ సంగతి అన్నాల దగ్గర చెప్పాడు. మా మరిది చేయి కంచంలోనే ఆగిపోయింది.

"నాకు ఆడపిల్ల మీద మనసు పోదు బాపు. మగోళ్ల మీదనే పోతది. చిన్నప్పటి సంది గింతే" అన్నాడు.

మామ ముందు కంచాన్ని తన్నాడు, తర్వాత కొడుకును తన్నాడు.

వారం తిరక్కుండా అతన్ని గురుస్వామి దగ్గరికి తీసుకెళ్లారు. మా ఊరి స్వాములకు మాల వేసేది, ముడి కట్టేది ఆయనే. చెడ్డవాడేం కాదు. "మాల ఎయ్యుండ్రి. మండలం దినాలు నిష్ఠగ ఉంటె మనసు అదే దారికొస్తది" అన్నాడు. తాగుడు మానడానికీ, పిల్లలు పుట్టడానికీ, కోర్టు కేసు గెలవడానికీ కూడా ఆయన దగ్గర ఉన్నది అదొక్క మందే. మాల వేశారు. ఆ మండలం రోజులూ మా ఇంట్లో ఎన్నడూ లేనంత శాంతి. దీక్షలో ఉన్నవాణ్ని తిట్టకూడదు, చేయి చేసుకోకూడదు, పెళ్లి మాట ఎత్తకూడదు. కొడుకును తన్నిన మామే పొద్దున లేచి "స్వామీ" అని పిలవాలి. పడిపూజ నాడు వంగి ఆ కొడుకు పాదాలకే మొక్కాడు. నేను చీకటితోనే తలస్నానం చేసి ఉల్లి, వెల్లుల్లి తగలకుండా వండేదాన్ని. "మాతా, పప్పుల ఉప్పు మరిచినవ్" అని విస్తరి ముందు కూర్చుని గంభీరంగా అనేవాడు. ఒకసారి గురుస్వామిని, మన స్వామి హరిహరులిద్దరి బిడ్డ కదా, మరి నేను చేసిన పాపమేంది అని అడిగాడట. ఆయన "గవన్ని అడగొద్దు స్వామీ" అని హారతి పళ్లెం చేతిలో పెట్టాడట. నాకు చెప్పి చాలాసేపు నవ్వాడు.

కొండకు వెళ్లొచ్చాడు. అత్తమ్మ తన చేత్తో మాల తీసింది. ఆ వారమే మళ్లీ సంబంధం మాట ఎత్తితే, అతను మళ్లీ అదే మాట చెప్పాడు. ఈసారి సంగతి ఊరంతా పాకింది. మోటార్లు తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. మరుసటి కార్తీకానికి గురుస్వామి మాల వేయనన్నాడు. తల్లి వేస్తే గురువు వేసినట్టేనని మా వాళ్ల నమ్మకం. "ఒక్కపారికే ఏ రోగం కుదురుతది" అని అత్తమ్మే కొడుకు మెడలో తులసిమాల వేసింది. ఆమె కొడుకును బాగుచేస్తున్నాననుకుంది. అతను తల్లి మనసు నిలుపుతున్నాననుకున్నాడు, పైగా అతనికి స్వామి అంటే నిజంగానే భక్తి.

ముడి కట్టే రోజు వచ్చింది. స్వాములు వరసగా కూర్చుంటే గురుస్వామి ఒక్కొక్కరి ఇరుముడిలో నెయ్యి నింపిన కొబ్బరికాయ పెడతాడు. ఇంటివాళ్లు పిడికిలితో బియ్యం పోస్తారు. అప్పుడు ముడి కట్టి తలకెత్తుతాడు. మా అత్తమ్మ పిడికెడు బియ్యం పట్టుకుని కొడుకు వెనక నిలబడింది. గురుస్వామి అతని పక్కనున్న స్వామికి కట్టాడు, అతన్ని దాటి అవతలి స్వామికి కట్టాడు. అత్తమ్మ ఏడుస్తూ కాళ్ల మీద పడబోతే ఆయన వెనక్కి జరిగి, "మారిన అని అందరి ముందట ఒక్క మాట చెప్పుమను, కడ్త" అన్నాడు.

"చెప్పు బిడ్డా. ఒక్క మాటనే గద" అని అత్తమ్మ బతిమాలింది.

"మెడల మాల ఉన్నదమ్మా. అబద్ధం ఎట్ల చెప్పాలె?" అన్నాడు మా మరిది.

గురుస్వామి మిగతా వాళ్ల ముడులు కట్టి లేచాడు. శరణు ఘోషతో కొండకు బస్సు కదిలిపోయింది. అతను తల్లి ముందు మెడ వంచి, మాల తీయమన్నాడు. అత్తమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను తియ్య. నువ్ మారిన్నాడు తీస్త" అంది. ఇంటికి వచ్చేసరికి మామ గేటు వేసేశాడు. మా మరిది నల్లబట్టలతో, వట్టి కాళ్లతో మహేశ్వరం వెళ్లి, అక్కడొక వైండింగ్ షాపులో చేరాడు.

అమ్మ వేసిన మాల అమ్మే తీయాలని అతని పట్టు. ఆరేళ్లు. ఎప్పుడు వెళ్లి చూసినా అవే వట్టి కాళ్లు, అదే చాప, చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం. ఎన్నిసార్లు పోట్లాడానో. దేవుడు కూడా ఇంత అడగడని కోపంగా అంటే, "ఒకాయన ఉండె వదినా, మంచోడు. మాల తీసినంక రమ్మన్న. ఎన్నేండ్లని సూస్తడు? ఇంట్లోళ్లు బలిమి జేస్తె పెండ్లి చేస్కున్నడు" అన్నాడు. అతను ఒంటరిగానే ఉంటున్నాడని తెలిసి అత్తమ్మ మురిసిపోయింది. మాల పనిచేస్తోందంది. నాకు ఆమె మీద జాలి వేసింది, ఒళ్లు మండింది కూడా.

మొన్నటి ఎండాకాలం అత్తమ్మ పోయింది. మా మరిది వచ్చాడు. "వాన్ని శవాన్ని ముట్టనియ్యకుండ్రి" అని మామ గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు. మా ఆయన తండ్రి వెనక తల వంచుకుని ఉండిపోయాడు. ఇంట్లో చావు జరిగితే మెడలో మాల ఉండకూడదు. నేను బయటికి వెళ్లాను. "అమ్మ తర్వాత వదిననే గద, నువ్వు తియ్యి" అని రోడ్డు మీదే మెడ వంచాడు. చెమటకు దారం బిగుసుకుపోయింది. ఎలాగో తల మీదుగా తీశాను. ఆరేళ్ల తర్వాత మొదటిసారి అతను గట్టిగా ఏడ్చాడు, తల్లి కోసమో తన కోసమో నేను అడగలేదు. పాడె అతని ముందు నుంచే వెళ్లిపోయింది.

వెళ్లేముందు, అటక మీద దాచిన అతని పాత చెప్పులు తెచ్చి ఇచ్చాను. కాళ్లు దూరలేదు. నడిచి నడిచి పాదాలు వెడల్పయ్యాయి, మడమలు రాయిలా గట్టిపడ్డాయి. రెండు మూడుసార్లు ప్రయత్నించి, "ఉండనీ వదినా" అని అలాగే వెళ్లిపోయాడు.

అందుకే మొన్న తొమ్మిదో పదో తేల్చుకోలేక రెండూ కొన్నాను. దుకాణదారు ఇద్దరు కొడుకులా అని అడిగితే అవునన్నాను. పిల్లల కాళ్లు ఏటేటా పెరుగుతుంటే ముద్దుగా చూసుకుంటాం. నలభైకి దగ్గరపడిన మనిషి కాళ్లు పెరిగాయంటే, ఆ ఏళ్లన్నీ అతను ఒక్కడే నడిచాడని అర్థం.